తొమ్మిది ఆహాల టిక్కెట్టు

చలిమెట్ట కొండ ఎక్కడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా దిగడానికే. ఈ సంగతి నాకు ఘాట్ రోడ్డు మొదట్లో, గేటు దగ్గర టిక్కెట్టు కొన్నప్పుడే తెలియవలసింది. టిక్కెట్టు వెనక స్పష్టంగానే అచ్చు వేశారు: "తొమ్మిది గళ్లలోనూ ఆహా నమోదైన టిక్కెట్టు చూపిన సందర్శకులకు మాత్రమే అవరోహణ అనుమతి." ముప్పై రెండేళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసిన వాణ్ణి, వెనక అట్ట చదివే అలవాటు ఉండాలి. ఆ రోజు కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో చదవలేదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట నేనూ మా ఆవిడ వకుళా ఈ కొండకు వచ్చి రెండు రోజులు ఉన్నాం. ఆమె పోయి మూడేళ్లయింది. మళ్లీ ఒకసారి చూసి రావాలనిపించింది. అంతకు మించి కారణం లేదు.

కొండ మీద తిప్పడానికి పర్యాటక మండలి వారే బస్సు వేశారు. అందులో నాతోపాటు తణుకు నుంచి వచ్చిన పదకొండుమంది కుటుంబం ఉంది. ఆ కుటుంబానికి పెద్ద దిక్కు నాగరత్తమ్మ గారు. బస్సు కదిలీ కదలకముందే ఆవిడ నా చేతిలో నాలుగు జంతికలు పెట్టారు.

"తమరొక్కరే వచ్చారా అన్నయ్యగారూ?"

"ఒక్కణ్ణేనమ్మా."

"పోన్లెండి, మాలో కలిసిపోండి. మేం పదకొండుమందిమి. పన్నెండో మనిషున్నా మా ఆయనకి తెలీదు."

వాళ్లాయన నిజంగానే అటు తిరిగి చూడలేదు.

మొదటి మజిలీ ముసలమ్మ జలపాతం. బస్సుతోపాటు మండలి మనిషి ఒకాయన దిగాడు. నలభై దాటిన వయసు, మెడలో మఫ్లరు, చంకలో పొడవాటి రిజిస్టరు, చేతిలో ఆటలపోటీల్లో వాడే స్టాప్‌వాచీ. చొక్కా మీద బిళ్ల: "బి. అప్పలసూరి, ఆహా నమోదు సహాయకుడు (ఒప్పంద ప్రాతిపదిక)". అతను జలపాతానికి వీపు పెట్టి, మా ముఖాలు కనిపించేలా నిలబడ్డాడు.

"ఒకొక్కరూ రండి. జలపాతం సూడండి. సూసేక ఆహా అనండి. 'హా' ఒక సెకనైనా నిలబడాల. తొందర నేదు."

నాగరత్తమ్మ గారు ముందుకెళ్లి, నీటి శబ్దం మించిపోయేలా "ఆహా!" అన్నారు. అప్పలసూరి వాచీ నొక్కి, "రెండున్నర" అని రాసుకున్నాడు. తర్వాత పదిమందీ అన్నారు. వాళ్ల మూడేళ్ల మనవడు జలపాతం చూసి ఏడ్చాడు. ఏడుపులో మధ్యన ఒక చోట ఆహా లాంటిది వినబడితే అప్పలసూరి దయతలచి దాన్నే రాసుకున్నాడు.

నా వంతు వచ్చింది. జలపాతం చూశాను. ఎండ పడినచోట నీటి తుంపర చిన్న ఇంద్రధనుస్సు కట్టి ఉంది.

"బాగుంది," అన్నాను.

"బాగుందికి గడి నేదు మాస్టారూ," అన్నాడు అప్పలసూరి.

ప్రయత్నించాను. నా గొంతులోంచి వచ్చినదాన్ని విని నాగరత్తమ్మ గారు మంచినీళ్ల సీసా అందించారు.

ఇందులో దాచవలసింది లేదు. నేను పుట్టుకతోనే అంత. వకుళ ఉన్నన్నాళ్లూ మా ఇద్దరి తరఫునా ఆ పని ఆమే చూసుకునేది. గ్యాసు బుక్ చేయడం నాది, ఆహా అనడం ఆమెది. ఆమె అంటుంటే పక్కన నిలబడి నేను తల ఊపేవాణ్ణి. ఎవరూ ఏ రిజిస్టరులోనూ దాన్ని తప్పు పట్టలేదు.

"అసలు ఈ ఏర్పాటు ఎప్పటినుంచి?" అని బస్సులో అప్పలసూరిని అడిగాను.

"నాలుగేళ్లయింది మాస్టారూ. ఎప్పుడో ఎవడో మహానుభావుడు గెస్ట్ హౌసు పుస్తకంలో 'పర్వాలేదు' అని రాసి పోనాడంట. పాత రికార్డులు సర్దుతుంటే పెద్దసారు కంట్లో పడింది. ఇంత కొండకి, ఇంత లోయకి, పర్వాలేదా అని కమిటీ ఏసేరు. ఆడు రాసిన ముక్కకి మా పేణాలు తీస్తన్నారు."

నేను సానుభూతితో తల ఊపాను.

మిగతా చోట్ల కూడా అదే జరిగింది. నిశ్శబ్ద లోయ దగ్గర "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని ఒక బోర్డూ, దాని పక్కనే "ఇచ్చట ఆహా తప్పనిసరి" అని మరో బోర్డూ ఉన్నాయి. రెండూ ఒకే అధికారి సంతకంతో. గబ్బిలాల గుహలో ప్రతి ఆహాకూ ప్రతిధ్వని వచ్చేది. మొదట్లో మనిషికి రెండేసి రాసుకున్నారట. ఆడిట్‌వారు అభ్యంతరం చెప్పాక, ఇప్పుడు లోపల అన్నదాన్ని వదిలేసి తిరిగి వచ్చినదాన్ని మాత్రమే రాస్తున్నారు. కాఫీ తోటలో ఆహా తోటకా కాఫీకా అన్న విషయం మీద స్పష్టత కోరుతూ పైకి రాశారు. జవాబు వచ్చేదాకా అక్కడ కాఫీ ఇవ్వరు. అప్పలసూరి తన ఫ్లాస్కులోంచి మూతెడు టీ పోసి నాకిచ్చాడు. చలికి చేతులు వెచ్చబడ్డాయి. ఆ రోజు మొత్తం మీద నాకు నిజంగా ఆహా అనిపించింది ఆ మూతెడు టీయే కానీ, దానికీ గడి లేదు.

సాయంత్రానికి నాగరత్తమ్మ గారి కుటుంబానికి ఎనిమిదేసి ఆహాలు. నాకు ఎనిమిది ఖాళీ గళ్లు.

గెస్ట్ హౌసు వరండాలో అప్పలసూరి నా పక్కన కూర్చున్నాడు.

"మాస్టారూ, నెలాకరు రేపే. నా బస్సులో ఒక్క గడి కాళీగున్నా నాకు రెన్యూవలు అవ్వదు. నాలుగేళ్లయి నూటికి నూరే. ఇది పోతే మళ్లీ ఇటికబట్టీకి ఎల్లిపోవాల. నేనే రాసేస్తాను. మీరు సంతకాలెట్టేయండి, సాలు."

నాకు అతని మీద జాలి వేసింది. కలం తీశాను. ఒక్కో గడి కింద చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంది: "పై ఆహా నా హృదయాంతరాళం నుంచి స్వచ్ఛందంగా వెలువడినదనియు, ఇందులో ఎవరి ఒత్తిడియు లేదనియు ప్రమాణపూర్వకముగా ధ్రువీకరించుచున్నాను."

"చదవకముందైతే పెట్టేవాణ్ణేమో అప్పలసూరీ. చదివాక పెట్టలేను."

"అంతా సదివీసేరా?"

"అలవాటు."

అతను నన్ను తిట్టలేదు. మఫ్లరు విప్పి నా మెడకు చుట్టి, "పొద్దున్న సూర్యోదయానికి సలెక్కువుంటాది," అని వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున సూర్యోదయ శిఖరం ఎక్కాం. మంచు. ముందున్నవారి వీపులు కూడా కనబడలేదు. అయితే మండలివారు దీన్ని ముందే ఆలోచించారు. నేల మీద పసుపు రంగుతో పెద్ద బాణం గుర్తు వేసి, పక్కన బోర్డు పెట్టారు: "దృశ్యం అందుబాటులో లేని పక్షంలో, దృశ్యం ఉండవలసిన దిశగా ఆహా అనవలెను."

"ఆహా! ఏం మంచండీ, నా చెయ్యే నాకు కనపట్టం లేదు!" అన్నారు నాగరత్తమ్మ గారు. ఆ స్త్రీకి దేవుడిచ్చిన గుణం అది. ఆవిడ నిజంగానే ఆనందిస్తున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నయ్యగారివి తొమ్మిదీ నేననేస్తానండి. నాకేం కష్టం?" అని అప్పలసూరిని అడిగారు.

"ఒకరి ఆహా ఇంకొకరికి బదలాయింపు కుదరదమ్మా. సర్క్యులరుంది."

"మొగుడి బదులు పెళ్లాం అనొచ్చా?" అన్నారావిడ.

"దానిమీద సర్క్యులరు నేదు," అన్నాడు అప్పలసూరి, నా వైపు చూడకుండా.

బాణం చూపిన దిక్కుగా నిలబడి నోరు తెరిచాను. మంచు లోపలికి వెళ్లింది. బయటికి ఏమీ రాలేదు.

తొమ్మిది గంటలకు బస్సు కొండ దిగింది. నాగరత్తమ్మ గారు కిటికీలోంచి మిగిలిన జంతికల పొట్లం నా చేతికిచ్చి, "నోరు ఊరికే ఉంచకండి, ఇవి నమలండి. ఏదో ఒకటి వస్తుంది," అని చెప్పి వెళ్లారు. నన్ను మాత్రం అప్పలసూరి మండలి కార్యాలయానికి తీసుకెళ్లాడు.

అక్కడ గది తలుపు మీద "కె. విద్యాధరరావు, దృశ్యానుభూతి అధికారి" అని ఇత్తడి పలక ఉంది. ఆయన లేచి నమస్కారం పెట్టారు. మర్యాదస్తుడు.

"దయచేయండి సోమయాజులు గారూ. చూడండి, మండలి పక్షాన మీకు ప్రకృతి కల్పించబడింది. సదరు ప్రకృతికి మీ వైపు నుంచి స్పందన అందవలసి ఉన్నది. జలపాతం తన విధి తాను నిర్వర్తించింది. లోయ నిర్వర్తించింది. మీ విధి మాత్రమే పెండింగులో ఉంది."

"నాకు అన్నీ నచ్చాయండి."

"నచ్చుట వేరు, నమోదగుట వేరు. నచ్చుట మీ వ్యక్తిగత విషయం. మేం అందులో జోక్యం చేసుకోం."

గోడ మీద ఒక పటం ఉంది. అందులో నోరు ఆరు రకాలుగా తెరిచి, కింద పేర్లు రాశారు. ఆయన పుల్లతో చూపిస్తూ స్వయంగా ఒక ఆహా అని వినిపించారు. పక్క గదిలోంచి ఎవరో "సార్ పిలిచారా?" అని తొంగి చూసి వెళ్లారు. తర్వాత నన్ను అనమన్నారు. అన్నాను.

"ఇది పంటినొప్పి కిందికి వస్తుంది," అన్నారాయన విచారంగా. పుల్ల పక్కన పెట్టి, బల్ల వెనక గోడకు తగిలించిన ఒక అద్దాల చట్రం చూపించారు. "మా బాధ మీకు అర్థం కావాలంటే అది చూడండి. ఈ పథకానికి మూలం. మూడు సంపుటాల నివేదిక ఈ ఒక్క మాట మీద తయారైంది."

చట్రంలో పాత కాగితం. మీద తేదీ. దాని కింద ఆకుపచ్చ సిరాతో ఒకే ఒక్క మాట, "పర్వాలేదు", చివర గట్టిగా పొడిచిన చుక్క.

ఆ చుక్క నాకు తెలుసు. కార్డుల మీద పుస్తకాల పేర్లు రాసి రాసి, ప్రతి మాట చివరా చుక్క పొడిచే జబ్బు నాకు ఉద్యోగంలో చేరిన ఏడాదే పట్టుకుంది. ఆకుపచ్చ సిరా లైబ్రరీది.

"అది నేను రాసిందండి," అన్నాను.

విద్యాధరరావు గారు కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు.

"మీరా?"

"నేనే."

"మా కమిటీ మిమ్మల్ని ఒక వర్గంగా భావించింది. ఒక మనిషిగా కాదు." ఆయన నుదురు తుడుచుకున్నారు. "మీకు నోటీసు ఇవ్వాలా, సన్మానం చేయాలా అన్నది నా స్థాయిలో తేలే అంశం కాదు. ప్రధాన కార్యాలయంతో మాట్లాడాలి. మీరు కదలకండి."

ఫోను సిగ్నలు ఆ భవనంలో వంటగది కిటికీ దగ్గర మాత్రమే ఉంటుందట. ఆయన అటు వెళ్లారు. గదిలో నేనూ, గోడవార నిలబడ్డ అప్పలసూరీ మిగిలాం.

"ఆ మహానుభావుడు మీరేనా మాస్టారూ?" అన్నాడు. "నాలుగేళ్లయి పొద్దున్న లేస్తే ముందు మిమ్మల్ని తిట్టుకునే పళ్లు తోముకుంటన్నాను."

"తిట్టుకో నాయనా. నీకా హక్కుంది."

అతను కాసేపు నన్నే చూసి, నవ్వు ఆపుకోలేక మూతికి రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాడు.

నేను చట్రం దగ్గరికి వెళ్లాను. నాకొక అనుమానం. "అప్పలసూరీ, ఆ పుస్తకం పెద్దది. పేజీ మూరెడు పొడవుండేది. ఇది జానెడే ఉందేం?"

"ఆ పటం కట్టింది నేనే మాస్టారూ. మంజూరైన చట్రం సైజు చిన్నది, కాయితం పెద్దది. కోసీకూడదు, రికార్డు. అందుకని కింద మడతెట్టి లోపలికి తోసేసాను."

"మడతలో ఏమైనా రాసి ఉందా?"

"ఏదో ఉన్నాది. నీలం సిరా. ఆడోళ్ల రాత."

బల్ల అంచు పట్టుకున్నాను.

ఆ రోజు నేను రాసి కలం మూసేలోగా, వకుళ గెస్ట్ హౌసు వాళ్ల కలం తీసుకుని కింద ఏదో రాసింది. ఏం రాశావన్నాను. నవ్వింది. చెప్పవే అన్నాను. బస్సువాడు హారన్ కొట్టాడు. తర్వాత చాలా ఏళ్లు, ఎప్పుడైనా గుర్తొచ్చి అడిగితే, "కొండెక్కి చదువుకోండి," అనేది. నేను ఎక్కలేదు. ఆమె పోయాక ఆ సంగతే మరిచిపోయాను. మళ్లీ ఒకసారి చూసి రావాలని ఎందుకనిపించిందో నాకు ఆ గదిలో తెలిసింది.

"అది నేను చదవాలి అప్పలసూరీ."

"పటం ఇప్పాలంటే పైనుంచి ఆర్డరు రావాల మాస్టారూ. మూడు నెలలు పడతాది." అతను వంటగది వైపు చూశాడు. ఫోనులో విద్యాధరరావు గారు "వర్గం కాదు సార్, మనిషి. అవున్సార్, ఊపిరి తీసుకుంటున్నాడు," అంటున్నారు. అప్పలసూరి నిట్టూర్చాడు. "ఇటికబట్టీ అంత సెడ్డదేటీ కాదు లెండి," అని చట్రం దింపి, బల్ల మీద బోర్లించి, ఫ్లాస్కు పక్కనున్న చెంచా కాడతో వెనక మేకులు ఒక్కొక్కటే లేపాడు. మడత విప్పి, అరచేత్తో సాపు చేసి, నా ముందు పెట్టాడు.

ఆకుపచ్చ "పర్వాలేదు" కింద నీలం సిరాలో, ఆమె గుండ్రటి అక్షరాల్లో:

"మా ఆయన ఇంతగా పొగడడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్లిచూపుల్లో నన్ను. వకుళ."

పెళ్లిచూపుల రోజు వాళ్ల వీధి అరుగు మీద మా నాన్న నన్ను చాటుకు పిలిచి, పిల్ల ఎలా ఉందిరా అని అడిగిన మాట నిజమే. నేనేమన్నానో కూడా నిజమే. కిటికీ వెనక ఆమె ఉందని నాకు తెలియదు. పెళ్లయి అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, విన్నానని ఆమె ఒక్కసారీ చెప్పలేదు. ఆ మాట విని కూడా నన్ను చేసుకుంది.

"ఆహా," అన్నాను.

గట్టిగా కాదు. పక్కనున్న మనిషికి వినబడేంత. కానీ అది పోతూ పోతూ చాలా దూరం పోయింది. అయ్యాక చూస్తే, అప్పలసూరి చెయ్యి అలవాటు కొద్దీ వాచీ నొక్కి ఉంది.

"నాలుగు సెకన్లు మాస్టారూ," అన్నాడు మెల్లగా. "ఈ కొండ మీద ఎవరూ అన్నేదు."

గుమ్మంలో విద్యాధరరావు గారు నిలబడి ఉన్నారు, చేతిలో ఫోను, కళ్లు బల్ల మీది కాగితం మీద. ఆయన దగ్గరికి వచ్చి రెండో వరుస చదివారు. మళ్లీ చదివారు. ఒక నిమిషం పాటు ఆయన ముఖంలో అధికారి లేడు. తర్వాత వచ్చాడు.

"ఈ రెండో వరుస రికార్డులో లేదు," అన్నారు.

"ఎదురుగానే ఉంది కదండీ."

"కాగితం మీద ఉంది. రికార్డులో లేదు. మూడు సంపుటాలు మొదటి వరుస మీదే నడిచాయి. ఇప్పుడు రెండో వరుస ఉందంటే మొదటి వరుస పొగడ్త అవుతుంది. పొగడ్త మీద దిద్దుబాటు పథకం పెట్టామనవలసి వస్తుంది. అది సాధ్యపడదు. అప్పలసూరీ, యథాతథంగా మడతపెట్టు." ఆయన గొంతు సవరించుకున్నారు. "అయితే ఆహా విన్నాను. సోమయాజులు గారూ, ఈ కార్యాలయంలో ఒక సందర్శకుడు ఆహా అనడం ఇదే ప్రథమం. పథకానికి మూలమైన పత్రం ముందు, మూల సందర్శకుడే అన్నాడు. దీన్ని మాతృ ఆహాగా పరిగణించి తొమ్మిది గళ్లకూ వర్తింపజేస్తున్నాను."

ఆయన సంతోషం నిజమైనదే. ఆ సంతోషంలోనే, నిలబడిన చోటే, రెండో ఉత్తర్వు చెప్పి రాయించారు. రేపటి నుంచి ఈ కార్యాలయమే చలిమెట్టలో పదో దర్శనీయ స్థలం. సందర్శకులు వరుసగా లోపలికి వచ్చి, "పర్వాలేదు" పటం ముందు నిలబడి, కనీసం నాలుగు సెకన్ల ఆహా అనవలెను. టిక్కెట్టు మీద పదో గడి అచ్చు వేయించవలెను. ఆయన కుర్చీ కూడా కొంచెం పక్కకు జరిపించుకున్నారు, దృశ్యానికి అడ్డం కాకుండా.

నేను సంతకం పెట్టాను. ఈసారి ప్రమాణంలో ప్రతి మాటా నిజమే.

మధ్యాహ్నం బస్సు దగ్గరికి అప్పలసూరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. రెన్యూవలు అయిందట, పదో స్థలానికి అతన్నే వేశారట. "ఇకమీదట తిరుగుడు నేదు. కుర్చీలో కూకుని రాసుకోడమే." మఫ్లరు తిరిగి ఇవ్వబోతే వద్దన్నాడు. చుట్టూ చూసి, చొక్కా లోపలి నుంచి ఒక కవరు తీసి నా జేబులో పెట్టాడు.

"అసలుది మీకాడ ఉండనీయండి. పటంలో జెరాక్సు పెట్టేసాను. కింద మడతెట్టిమరీ."

"సారుకి తెలిస్తే?"

"సారు కళ్లజోడెట్టుకోరు మాస్టారూ. ఎట్టుకున్నా మొదటి వరుసే సదువుతారు."

బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు మళ్లీ దొరికింది. వెనక్కి తిరిగి చూస్తే, జంక్షన్‌లో అప్పలసూరి లోయ వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. రిజిస్టరు చంకలోనే ఉంది. మంచు విడిపోయి ఎండ వచ్చింది.

కింది గేటు దగ్గర కాపలా మనిషి అందరి టిక్కెట్లూ చూసి, దారం కట్టిన కలంతో సహా సందర్శకుల పుస్తకం బస్సులోకి పంపించాడు. మీ అమూల్యమైన అభిప్రాయం రాయవలెను అని పైన ఉంది. అందరూ పేజీలు పేజీలు రాస్తున్నారు. నా దగ్గరికి వచ్చింది. జేబులో కవరు ఒకసారి తడుముకున్నాను.

"పర్వాలేదు." అని రాసి, చుక్క పొడిచాను. తర్వాత వెనక సీటాయనకు పుస్తకం అందిస్తూ, కింద ఒక వరుస వదిలి రాయమని చెప్పాను.